పెద్దాయన ఎడమ చెయ్యి, చప్పుడు లేని కారు

స్టాండులో కొత్తగా స్టీరింగు పట్టిన కుర్రాళ్ళు నన్ను చూడగానే అడిగే ప్రశ్న ఇప్పుడు ఒక్కటే. "బాబాయ్, టాక్సీకి హైబ్రిడ్ కారు కొంటే గిట్టుబాటవుద్దంటావా?"

నేను గొంతు సవరించుకునేలోగా పక్కవాడు అందుకుంటాడు. "ఆయన్ని అడుగుతావేంట్రా బాబూ! వైపరుతో పులస పట్టేనని చెప్పిన మనిషి."

చెప్పాను, కాదనను. వరద రోజుల్లో కాజ్‌వే మీద పోతుంటే పులస ఎగిరి అద్దం మీద పడిందనీ, వైపరు వేస్తే ఇల్లు చేరేలోగా పొలుసంతా గీకి పెట్టిందనీ చెప్పాను. మా ఆవిడ అది విని, "మరి ఉప్పూ కారం కూడా పట్టించుకు రాలేకపోయేరా?" అంది. నా మాటల్లో సగం గోదాట్లో వదిలేసి మిగతా సగమే చెవిన వేసుకోవాలని అమలాపురంలో అందరికీ తెలుసు.

ఇది మాత్రం మొత్తం వినండి. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలపడానికి ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. కళ్ళముందు జరిగినదాన్ని చూసి నేను కొయ్యబారిపోవడం మా స్టాండు చరిత్రలో అదే మొదలు.

అప్పటికి నా నడుం పూస జారి డ్రైవింగు మానేశాను. డాక్టరుగారు తోలొద్దన్నారు గానీ పక్క సీట్లో కూర్చోవద్దనలేదు. ఇంట్లో కూర్చుంటే కథలు వినేవాళ్ళు లేరు. అందుకని రోజూ స్టాండుకొచ్చి, చోటున్న బండిలో ఎక్కి, కిరాయికి తోడు వెళ్ళొస్తుండేవాణ్ణి.

ఓ వేసవి పొద్దున మా వరస చివర ఒక కారు వచ్చి ఆగింది. వచ్చినట్టు మాకెవరికీ తెలీదు. టీ తాగుతూ వెనక్కి అడుగేసిన ఒకాయన దాని బానెట్టు మీద కూలబడి, గ్లాసు చేత్తో పట్టుకునే బిక్కచచ్చిపోయాడు. "ఇదెక్కణ్ణించి మొలిచిందిరా నాయనా!" అన్నాడు. ఇంజను చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేది మాకు తెలిసి ఆంబోతు ఒక్కటే.

దిగినవాడు తెలిసినవాడే. ఉప్పలగుప్తం వైపు మనిషి. గల్ఫులో ఏళ్ళ తరబడి టాక్సీ తోలి వచ్చాడు. నాకన్నా చిన్నవాడు కాబట్టి తమ్ముడనే అంటాను. హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన హైబ్రిడ్ కారు కొని, టాక్సీ బోర్డు రాయించుకుని తెచ్చాడు.

మా వాళ్ళు చుట్టూ మూగారు.

"చార్జింగు ఎక్కడ పెడతావ్ తమ్ముడూ? కొబ్బరి చెట్టుకా?"

"పెట్టక్కర్లేదండి. పెట్రోలు పోస్తే చాలు. బ్రేకు తొక్కినప్పుడూ, దిగుడు దిగినప్పుడూ తనే కరెంటు పుట్టించి దాచుకుంటుందండి. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఆగిపోయి, ఆ దాచుకున్నదాంతో నడుస్తుందండి."

"అంటే పెట్రోలూ, కరెంటూ రెండూనా? ఇద్దరు పెళ్ళాల కాపురమన్నమాట!"

"చప్పుడు లేదంటే ఆ ఇద్దరికీ మాటల్లేవురోయ్!"

తమ్ముడు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. అతని భార్య ఐ.పోలవరం దగ్గర బళ్ళో టీచరమ్మ. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నది సెలవుల్లోనే. ఓసారి ఆవిడే అంది: "మా ఆయన ముఖం నాకు ఫోనులో ఎంత ఉంటుందో అంతే గుర్తండి. పూర్తి మనిషిని చూస్తే కొత్తగా ఉంటుంది." ఈసారి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. పెళ్ళిళ్ళ సీజను అయ్యేలోగా ఈ కారు తన తిండి తను సంపాదించి, ఇంట్లోకి కూడా నాలుగు గింజలు తెస్తే అతను ఉండిపోతాడు. తేకపోతే కారు అమ్మేసి, మళ్ళీ వీసా కొట్టించుకుని ఎడారికే. మీకు గిట్టుబాటు అంటే లెక్క. వాళ్ళకి కాపురం.

ఇక మా పెద్దాయన సంగతి చెప్పాలి. స్టాండుకి ఆయనే ప్రెసిడెంటు, ఆయనే పెద్ద, ఆయనే సుప్రీంకోర్టు. డీజిల్ ఆదా చేయడంలో మా జిల్లాలో ఆయన్ని మించినవాడు పుట్టలేదు. ఆయన బండి డీజిల్ తాగదు, వాసన చూస్తుందని అనేవాళ్ళం. రహస్యం ఏమీ లేదు, ఎడమ చెయ్యి. వంతెన నడిమి దాటి దిగుడు మొదలవగానే ఆ చెయ్యి గేరురాడ్ మీద పడి న్యూట్రల్ చేసేది. స్పీడుబ్రేకరు కనిపిస్తే న్యూట్రల్. గేదెల మంద అడ్డొస్తే న్యూట్రల్. బండ్లు బారులు తీరితే న్యూట్రల్. గౌతమి వంతెన మీద న్యూట్రల్ చేసి వదిలితే, జారుకుంటూ జారుకుంటూ రావులపాలెం దాటి, కొత్తపేట సెంటర్లో అరటిగెలల లారీ అడ్డొచ్చి ఆగిందని నేను చెప్పిన కథ ఒకటుంది. అందులో అరటిగెలల లారీ నిజం.

మేమంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. మాలో ఎవడి చెయ్యైనా దిగుడు చూస్తే న్యూట్రల్ వైపే పోతుంది. బళ్ళో గంట కొడితే పిల్లలు లేచినట్టు.

మా స్టాండులో ఒక పద్ధతి ఉంది. ఎవరి బండి తక్కువ తాగుతుందో తేలాలంటే తోలేవాళ్ళు మారతారు. సొంత బండైతే కాలు తేలిగ్గా పడుతుంది, ఆ మైలేజీని నమ్మకూడదని మా సిద్ధాంతం. కాబట్టి పెద్దాయన తీర్పు చెప్పేశాడు.

"అబ్బాయ్, సీజనంతా నీ కారు నేను తోలతాను. నా డీజిల్ బండి నువ్వు తోలు. ఎవరి టాంకు వాళ్ళు నింపుకుని, అయ్యాక మళ్ళీ నింపి చూద్దాం. నువ్వు మాత్రం నా పక్కన కూర్చోకూడదు. యజమాని పక్కనుంటే నా కాలు మొహమాటపడుద్ది."

"ఆయ్, మీ చేతిలో పెట్టడం కంటేనా మావయ్యగారూ!" అన్నాడు తమ్ముడు. నిజంగానే సంబరపడ్డాడు. జిల్లాలోకెల్లా పొదుపైన చెయ్యి తన కారు మీద పడుతోందంటే ఎవరు సంబరపడరు?

సాక్షిగా పక్క సీట్లో ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. అందరికీ కిరాయిలున్నాయి. ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. ఊళ్ళో ఎవరూ నమ్మని మనిషిని ఏరి సాక్షిగా కూర్చోబెట్టారు. మా సుప్రీంకోర్టు అలాంటిది.

సీజను మొదలైంది. బోడసకుర్రు వంతెన మీద తొలి కిరాయి. నడిమి దాటగానే పెద్దాయన ఎడమ చెయ్యి లేచింది. న్యూట్రల్. నేను చూశాను, ముచ్చటపడ్డాను కూడా. కొత్త బండైనా మనిషి తన విద్య వదల్లేదు కదా అనుకున్నాను. స్టీరింగు పక్కనున్న తెర మీద పచ్చగా ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, టింగుమంది.

"ఏంటండీ అది?"

"సీటుబెల్టు గోల అయ్యుంటుంది. కొత్త బండ్లకి నోరెక్కువ," అని భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేశాడు. సీజనంతా ఆ తువ్వాలు అక్కడే ఉంది. దాని వెనక నుంచి పిల్లిపిల్లలా టింగు టింగుమని వినిపిస్తూనే ఉండేది.

వారాలు గడిచాయి. తమ్ముడు ఆయన డీజిల్ బండిని ఎలా తోలాలో అలా తోలాడు. పెద్దాయన ఈ కారుని అంతకన్నా ప్రాణంగా తోలాడు. ఒక్కసారైనా కాలు గట్టిగా నొక్కి ఎరగడు. తీరా బంకులో టాంకు నింపి చూస్తే, ఆదా చేస్తుందన్న బండి డీజిల్ బండి కంటే ఎక్కువే మింగింది. ఒకసారి కాదు, ప్రతిసారీ. నేనైతే బంకు కుర్రాడు పైపు టాంకులో పెట్టాడా, పక్క డబ్బాలో పెట్టాడా అని వంగి చూశాను.

పెద్దాయన స్టాండులో అందరి ముందూ చెప్పాడు. ఆయనకీ సంతోషంగా లేదు.

"కారు మంచిదే అబ్బాయ్. మన ఊరిది కాదు. ధరా ఎక్కువ, తిండీ ఎక్కువ. గల్ఫు ఎండకీ, అక్కడి రోడ్లకీ సరిపోద్ది. ఇక్కడ టాక్సీకి పనికిరాదు."

తమ్ముడు వాదించలేదు. నేను ఎదురుచూశాను, ఒక్క మాటైనా అంటాడేమోనని. ఏళ్ళ తరబడి అలాంటి కార్లే తోలిన మనిషి. "మీ చేతిలోనే అంత తాగితే, నా చేతిలో ఎంత తాగుద్దో కదండీ," అని తలదించుకున్నాడు. తన అనుభవాన్ని పక్కనపెట్టి పెద్దాయన చేతిని నమ్మాడు. మర్నాడే రాజోలులో ఏజెంటుకి పాస్‌పోర్టు ఇచ్చేశాడు.

ఆఖరి కిరాయి ఒకటి మిగిలింది. అమలాపురం నుంచి నరసాపురం చర్చికి పెళ్ళివారు. పెళ్ళికొడుకు టీచరమ్మకి పిన్నిగారబ్బాయి. హైబ్రిడ్ కారులో పెళ్ళికొడుకు, వాళ్ళ తాతగారు. తోలేది పెద్దాయన, పక్కన నేను. వెనక డీజిల్ బండిలో తమ్ముడు, టీచరమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు. ఆ తర్వాత మా స్టాండు బండ్లే మరో రెండు.

మామిడికుదురు, నగరం, తాటిపాక, రాజోలు, మలికిపురం. ప్రతి వంతెనకీ, ప్రతి గతుక్కీ ఎడమ చెయ్యి తన పని తను చేసుకుపోయింది. వెనక తాతగారు నిద్ర. పెళ్ళికొడుకు ఫోనులో పెళ్ళికూతురితో గుసగుసలు. తువ్వాలు వెనక టింగు టింగు.

సఖినేటిపల్లి రేవు దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఏరు దాటించే పంటు అవతల నరసాపురం ఒడ్డున ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. పెద్దాయన న్యూట్రల్ చేసి, చేతిబ్రేకు లాగి, ఏసీ నిండుగా పెట్టి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాం. నేను పులస కథ మొదలుపెట్టాను. అది అద్దం మీద పడేచోటికి వచ్చేసరికి పెళ్ళికొడుకు అడ్డొచ్చాడు.

"మావయ్యగారూ, ఏసీ లోంచి వేడిగాలి వస్తోందండి."

"గాలి చల్లగానే ఉంది బాబూ. నీకు కంగారు పుట్టి ఒళ్ళు వేడెక్కింది. అందరికీ అంతే. నా పెళ్ళప్పుడు నేనూ ఇలాగే ఉడికిపోయేను."

ఇంకాసేపటికి పెళ్ళికొడుకు పౌడరు చారలుగా దిగి కోటు మీద పడుతోంది. తాతగారు కూడా లేచి కూర్చున్నారు. అప్పుడొచ్చింది పంటు. ఈల వేశారు. ముందు బండ్లు కదిలాయి. పెద్దాయన బ్రేకు మీద కాలుంచి, చేతిబ్రేకు దించి గేరు వేశాడు. గేరు పడలేదు. మళ్ళీ వేశాడు. తువ్వాలు కింద నుంచి ఇప్పుడు ఎర్రటి వెలుగు వస్తోంది.

"ఆపి స్టార్ట్ చేద్దాం," అన్నాడు. డీజిల్ వాళ్ళకి తెలిసిన వైద్యం అదొక్కటే. స్విచ్ నొక్కాడు. అన్ని దీపాలూ ఆరిపోయాయి. మళ్ళీ నొక్కాడు. వెలగలేదు.

అప్పుడు కారు కదిలింది. మేమెవరం కదపకుండానే.

రేవు ఏటవాలు కదా. ముందు బండి పంటు మీదికి వెళ్ళిపోయింది. మా ముందు ఖాళీ నేల, చెక్కలు, పంటు, ఆ వెనక గోదారి. పెద్దాయన బ్రేకు తొక్కాడు. "బ్రేకు రాయైపోయిందిరా!" అన్నాడు. ఆ మనిషి గొంతు అలా సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. కరెంటు పోతే ఆ కారు బ్రేకూ బిగుసుకుపోతుందని తర్వాత తెలిసింది. రెండు కాళ్ళూ పెట్టి సీట్లోంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. పంటు మీది జనం చెల్లాచెదురయ్యారు. ఓ రొయ్యల తట్ట బోర్లాపడింది. నేను రెండు చేతులా చేతిబ్రేకు పట్టి లాగాను. నడుంలో పూస టక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. ముందు చక్రాలు ఇనప రేకు మీద ఠంగుమని పడి, ఒక మోటారుసైకిలుకి జానెడు దూరంలో ఆగాయి.

పెళ్ళికూతురు ఫోనులోంచి, "ఏమండీ, ఏమండీ, ఆ చప్పుడేంటండీ?" అంటోంది.

పంటువాళ్ళు చక్రాల కింద చెక్కలు పెట్టి, తోసి, మమ్మల్ని ఓ మూలకి చేర్చారు. మా బండ్లన్నీ ఎక్కాయి. పంటు కదిలింది. తమ్ముడు డీజిల్ బండిలోంచి దూకి పరిగెత్తుకొచ్చాడు. టీచరమ్మ వెనకాలే వచ్చింది.

తమ్ముడు ఎవరికీ దెబ్బ తగల్లేదని చూసుకున్నాడు. తర్వాత కిటికీలోంచి వంగి గేరురాడ్ చూశాడు. తువ్వాలు చూశాడు. దాన్ని మెల్లిగా తీసి పక్కన పెట్టాడు. మమ్మల్నందరినీ దింపి, తను సీట్లో కూర్చుని, స్విచ్ నొక్కి ఆగాడు. మళ్ళీ నొక్కాడు. చివరికి తెర వెలిగింది. అక్షరాలు వచ్చాయి. చదివాడు.

"ఏవంటుందిరా అబ్బాయ్?" అన్నాడు పెద్దాయన.

"న్యూట్రల్లో చార్జింగు ఎక్కదు, పార్కింగు గేరులో పెట్టండి అంటోందండి." తెర మీంచి తలెత్తాడు. "ఈ మాట ఎప్పట్నించి చెబుతోందండీ ఇది?"

తొలి వంతెన నుంచీ చెబుతూనే ఉంది. ఇంగ్లీషులో బతిమాలుతూనే ఉంది.

తమ్ముడు పార్కింగు గేరులో పెట్టి కిందికి దిగాడు. కారులో ఎవరూ లేరు. తలుపులు మూసి ఉన్నాయి. అందరం చుట్టూ నిలబడి చూస్తున్నాం. ఉన్నట్టుండి గుర్రుమని ఇంజను దానంతటదే లేచింది. పక్కనే తాడు చుట్టుకుంటున్న పంటు మనిషి ఒక్క గెంతు గెంతి తాడు ఏట్లో వదిలేశాడు. "పిశాచం పట్టిందండీ బండికి!"

"పిశాచం కాదండి, ఆకలి," అన్నాడు తమ్ముడు. "కడుపు నింపుకుంటోంది."

అప్పుడు పెద్దాయన వైపు తిరిగాడు. చేతులు కట్టుకునే అడిగాడు. "మావయ్యగారూ, ఈ కారు దిగుడులో, బ్రేకులో, ఆగి ఉన్నప్పుడు, అప్పుడేనండి తన తిండి సంపాదించుకునేది. న్యూట్రల్ చేస్తే కళ్ళంలో ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టే. తరవాత ఆ లోటు తీర్చడానికి ఇంజను రెండింతలు తాగాలి. గల్ఫులో మాకు న్యూట్రల్ చేసే అలవాటే లేదండి. అందుకే మీకు చెప్పాలని నాకు తోచనేలేదు. మీరేమైనా... సీజన్లో..."

పంటంతా వింటోంది. పెళ్ళివారు, మా డ్రైవర్లు, సైకిళ్ళవాళ్ళు. స్టాండు ప్రెసిడెంటు మెడ బిగుసుకుంది.

"ఛఛ! నేనా? ఇవాళ రేవులో ఏదో కాసేపు పెట్టేనంతే. నాకు తెలీదేంటి?"

నాకు గోదారి ఆగిపోయినట్టయింది. మా పెద్దాయన అబద్ధం ఆడాడు. అబద్ధం మా స్టాండులో నా శాఖ. ఆయనకి అందులో ప్రవేశం లేదని అందరం నమ్మేవాళ్ళం.

టీచరమ్మ నా దగ్గరకొచ్చింది. "అన్నయ్యగారూ, సీజనంతా పక్కన కూర్చున్నది మీరు. మా ఆయన పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరుంది. వచ్చే వారం ప్రయాణం. ఈ ఒక్కసారి నిజం చెప్పండి. మావయ్యగారు న్యూట్రల్ చేసేవారా?"

"చేసేవారమ్మా," అన్నాను. "ప్రతి వంతెనకీ, ప్రతి గతుక్కీ, ఆగిన ప్రతిచోటా. ఆ తువ్వాలు తొలిరోజు కప్పిందే."

మా డ్రైవరొకడు పకపకా నవ్వాడు. "పులస కథ కంటే ఇదే బాగుంది బాబాయ్!" రెండోవాడు అందుకున్నాడు: "కొత్తపేట దాకా జారలేదా ఈసారి?" పెళ్ళివారు కూడా నవ్వేశారు. నేను నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాను. జీవితమంతా అబద్ధాలు చలామణీ చేసి, దాచుకున్న ఒక్క నిజాన్నీ బయటికి తీస్తే అది చెల్లని నోటై నా చేతికే తిరిగొచ్చింది. ఒక కాపురం నిలబడాలంటే నన్ను నమ్మాలి. నన్ను ఎవరు నమ్ముతారు?

టీచరమ్మ నవ్వలేదు. నన్ను చూసింది, పెద్దాయన్ని చూసింది. ఆయన ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. నరసాపురం ఒడ్డు దగ్గరపడుతుండగా ఆవిడ ఆయన దగ్గరకెళ్ళి మర్యాదగా అంది.

"మావయ్యగారండీ, తొలి కిరాయి మీ చేతులతోనే అయింది. పెళ్ళి దాకా కారు మీరే తోలండి. నేనూ ఇందులోనే ఎక్కుతాను."

పదిమందిలో ఆయన పరువు కాపాడడానికే అందో, ఇంకేమైనా మనసులో పెట్టుకుని అందో ఇప్పటికీ నాకు తెలీదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

కారు మళ్ళీ బాగానే స్టార్టయింది. నేను పక్క సీటు, వెనక టీచరమ్మ, పెళ్ళికొడుకు, తాతగారు. అవతలి ఒడ్డున దిగాక ఏటిగట్టు ఎక్కి, అటువైపు రోడ్డులోకి దిగాలి. పెద్దాయన బిర్రబిగుసుకుని రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కారుని పంటు దించాడు. గట్టు ఎక్కించాడు. గట్టు నడినెత్తి వచ్చింది. ముందు చక్రాలు అటువైపు ఒరిగాయి. దిగుడు.

ఎడమ చెయ్యి లేచింది.

స్టీరింగు మీద నుంచి దానంతటదే లేచి, వెళ్ళి గేరురాడ్ పట్టుకుని న్యూట్రల్ చేసేసింది. టింగుమంది. తువ్వాలు లేదు కాబట్టి అక్షరాలు అందరికీ కనిపించాయి. పెద్దాయన తన చేతిని చూశాడు. కొత్తమనిషి చెయ్యేదో కారులోకి వచ్చినట్టు చూశాడు. బ్రేకు తొక్కి గట్టు మీదే ఆపేశాడు. వెనక బండ్లు హారన్లు మోగించేస్తున్నాయి. ఆయనకి వినపడలేదు.

అద్దంలోంచి టీచరమ్మని చూస్తూ అన్నాడు. "అమ్మాయ్, నేను అబద్ధం ఆడేను. నా చెయ్యి ఆడలేదు."

వేలితో తెర మీది అక్షరాలు చూపించాడు.

"సీజనంతా ఇదే చేసేను. మీ ఆయన కారు కాదు తాగింది, నేను తాగించేను. ఆ తీర్పు నాది తప్పు. అబ్బాయిని ఎక్కడికీ పంపకమ్మా."

టీచరమ్మకి ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. బ్యాగులోంచి ఫోను తీసింది. "ఏజెంటుగారేనా అండీ? మా ఆయన పాస్‌పోర్టు సాయంత్రం వచ్చి తీసుకుంటానండి. ఆయ్, కేన్సిలేనండి. లేదండి, డబ్బు గురించి కాదు. చెయ్యి గురించండి." అవతల ఆ ఏజెంటు ఏమర్థం చేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

పెళ్ళికొడుకు మెల్లిగా అన్నాడు. "అక్కా, ఇంక వెళ్దామా? అక్కడ ఫాదరుగారు చూస్తుంటారు."

పెళ్ళి ఆలస్యమైంది గానీ బాగానే అయింది. ఆ సాయంత్రం తిరుగు పంటు మీద, గట్టు మీద జరిగింది తెలిసి అందరూ నా దగ్గరకొచ్చి, "నిజమే చెప్పావా బాబాయ్!" అని నోళ్ళు నొక్కుకున్నారు. ఆ రోజు నాకంటే ఎక్కువ అదిరిపోయింది వాళ్ళే.

ఇక మీ ప్రశ్న దగ్గరకొద్దాం. గిట్టుబాటవుద్దా అంటే, తమ్ముడు తన పద్ధతిలో మళ్ళీ తోలి చూశాడు. నేనే మళ్ళీ సాక్షి. హైవే ఎక్కి హైదరాబాదుకో, విశాఖకో ఒకే ఊపున పోయే కిరాయిలో దాని గొప్పేమీ లేదు. బ్రేకు తొక్కేదెక్కడ, కరెంటు పుట్టేదెక్కడ? ధరలో ఎక్కువ పోసిన డబ్బు అక్కడ వెనక్కి రాదు, డీజిల్ బండే నయం. అదే మన వీధుల్లో, గతుకుల్లో, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి బంధువుల్ని ఎక్కించుకునే పెళ్ళి కిరాయిల్లో, ఆసుపత్రి ముందు, చర్చి ముందు ఏసీ వేసుకుని కాసుకు కూర్చునే కిరాయిల్లో దానికి సాటి లేదు. కోనసీమలో టాక్సీ నడిచేదానికంటే ఆగేదే ఎక్కువ. కాబట్టి కారు కొనే ముందు మీ కిరాయిలు చూసుకోండి. ఆ తర్వాత మీ చేతులు చూసుకోండి.

పెద్దాయన స్టాండులో కొత్త తీర్పు ఇచ్చాడు. ఊళ్ళో తిరిగే కిరాయిలు, ఆగి కాసుకోవాల్సిన కిరాయిలు ముందు ఆ అబ్బాయికి, హైవే కిరాయిలు మిగతావాళ్ళకి. ఎవరూ కిక్కురుమనలేదు. తమ్ముడు ఉండిపోయాడు. టీచరమ్మకి ఇప్పుడు వాళ్ళాయన ముఖం పూర్తిగా గుర్తుండే ఉంటుంది. ఈమధ్య ఏదో గొడవ పడి, "ఫోనులో ఉన్నప్పుడే నయం," అందని కూడా విన్నాను.

తమ్ముడికి ఒంట్లో బాగోలేని రోజున ఆ కారు పెద్దాయనే తోలతాడు. మొన్న పక్కన కూర్చుని చూశాను. బోడసకుర్రు వంతెన ఎక్కాం. నడిమికి వస్తున్నాం. పెద్దాయన కొద్దిగా పక్కకి ఒరిగి, ఎడమ చెయ్యిని తన తొడ కింద పెట్టుకుని, దాని మీద గట్టిగా కూర్చున్నాడు. కారు చప్పుడు లేకుండా దిగుడు దిగింది.